లెవ్ కులెషోవ్

లెవ్ వ్లదిమీరోవిచ్ కులెషోవ్ (జనవరి 13, 1899 - మార్చి 29, 1970) రష్యాకు చెందిన చలనచిత్ర దర్శకుడు, సినిమా సిద్ధాంతకర్త, అధ్యాపకుడు. మార్పు లేని ఒకే ముఖము, దాని ప్రక్కన చూపిన దృశ్యాన్ని బట్టి ప్రేక్షకునికి ఒకసారి దుఃఖముతోను, ఒకసారి సంతోషముతోను ఉన్నట్లు తోచుటను ఇతని పేరు మీదుగా కులెషోవ్ ప్రభావము అని పిలుస్తారు. ఇతడు తీసిన చిత్రాలకన్న ఈ ప్రయోగమే ప్రపంచములో ఎక్కువ మందికి తెలుసు. అయితే ఆ ప్రయోగము జరిపిన ఫిల్ము నేడు లభ్యము కావడము లేదు. పుదోవ్కిన్, బోరిస్ బార్నెట్ వంటి సోవియట్ దర్శకులు ఇతని శిష్యులు.

బాల్యము

కులెషోవ్ రష్యాలోని తంబోవ్ పట్టణములో జన్మించాడు. అప్పటి పాత రష్యా పంచాంగము ప్రకారము ఆ తేదీ 1899 జనవరి 1. తండ్రి వ్లదిమీర్ సెర్గేయెవిచ్ కులీన వంశస్థుడు, మాస్కోలోని చిత్రలేఖన, శిల్ప, వాస్తు కళాశాలలో చదివినవాడు. అతడు అనాథాశ్రమములో పెరిగి పల్లెటూరి బడిలో ఉపాధ్యాయురాలిగా ఉన్న పెలగేయా షుబినాను పెండ్లాడాడు. లెవ్ పుట్టేనాటికే కుటుంబపు ఆస్తి కరిగిపోయింది. 1911లో తండ్రి మరణించాడు. 1914లో తల్లి ఇతనిని వెంటబెట్టుకొని మాస్కో చేరింది. అన్న బోరిస్ అప్పటికే అక్కడ ఇంజనీరింగు వృత్తిలో ఉన్నాడు. కులెషోవ్ తండ్రి చదివిన కళాశాలలోనే చేరి చిత్రలేఖనము నేర్చుకున్నాడు.

సినీరంగ ప్రవేశము

1916లో, పదిహేడేళ్ళ వయసులో, కులెషోవ్ అలెక్సాండర్ ఖాన్ఝోంకోవ్ చిత్ర నిర్మాణ సంస్థలో కళా విభాగములో చేరాడు. ఆ కాలపు రష్యన్ మూకీ దర్శకులలో అగ్రగణ్యుడైన యెవ్గేనీ బాయర్ చిత్రాలకు సెట్టింగులు రూపొందించాడు. 1917లో బాయర్ తీసిన ఫర్ హ్యాపీనెస్ చిత్రములో ఒక యువ చిత్రకారుని పాత్రను కూడా ధరించాడు. ఆ ఏడాదే బాయర్ క్రిమియాలో మరణించాడు. బాయర్ ఒక్కొక్క దృశ్యాన్ని పటము గీసినట్లు అలంకరించి, నటులకు అందులో నిదానముగా నటించే వ్యవధి ఇచ్చేవాడు. శిష్యుడు మాత్రము పూర్తిగా వేరే దారి పట్టాడు. అమెరికా చిత్రాలలో దృశ్యాలు చిన్న చిన్న ముక్కలుగా వేగముగా మారడము, ముఖ్యముగా గ్రిఫిత్ చిత్రాల నిర్మాణ పద్ధతి, ఇతనిని ఆకర్షించాయి. సినిమా సారము నటునిలో కాక ముక్కల అమరికలో ఉందన్న ఆలోచన ఆ రోజులలోనే ఏర్పడింది. తెలుగు చిత్రాల పేర్లలో కూర్పు అని కనిపించే పని ఇదే. కులెషోవ్, అతని సమకాలికులు దీనిని ఫ్రెంచి పదముతో మాంటేజ్ అని వ్యవహరించారు.

1918లో విడుదలైన ప్రాజెక్ట్ ఆఫ్ ఇంజనీర్ ప్రైట్ ఇతని మొదటి చిత్రము. అన్న బోరిస్ దీనికి తోడ్పడ్డాడు. ఈ చిత్రములో పాత్రలు ఎటో చూస్తూ ఉంటాయి, తరువాతి షాటులో విద్యుత్ స్తంభాలు కనిపిస్తాయి. నటులు నిలుచున్న చోట నిజానికి ఆ స్తంభాలు లేవు. వాటిని వేరొకచోట చిత్రీకరించి అతికించారు. అయినా పాత్రలు వాటినే చూస్తున్నట్లు ప్రేక్షకుడు నమ్ముతాడు. చూపు ఒకచోట, చూడబడే వస్తువు మరొకచోట ఉన్నా మనసు రెండింటినీ కలుపుకొనే ఈ తీరు మీదనే ఇతని తరువాతి ప్రయోగాలన్నీ ఆధారపడ్డాయి.

అంతర్యుద్ధ కాలము

1918 నుండి 1920 వరకు రష్యా అంతర్యుద్ధములో కులెషోవ్ వార్తా చిత్రాల బృందాలతో పనిచేశాడు. పాత చిత్రాలను కత్తిరించి తిరిగి కూర్చే విభాగములోను పనిచేశాడు. ఈ రెండవ పని పైకి చిన్నదిగా కనిపించినా ఇతని జీవితానికి ముఖ్యమైనది. విప్లవము తరువాత కొత్త ఫిల్ము దొరకడము దుర్లభమయింది. నిర్మాతలు, నటులు చాలామంది దేశము విడిచి వెళ్ళారు. 1919 ఆగస్టు 27న లెనిన్ సంతకము చేసిన ఉత్తర్వుతో చిత్ర పరిశ్రమ జాతీయమయింది. చేతిలో ఉన్నవల్లా పాత చిత్రాల రీళ్ళు. వాటిని ముక్కలు చేసి కలుపుతూ ఉండగా, ఒక షాటు ప్రక్కన మరొక షాటు చేరితే మొదటిదాని అర్థమే మారిపోవడము ఇతడు రోజూ చూశాడు.

1919లో మాస్కోలో ప్రభుత్వ సినిమా పాఠశాల ఏర్పడింది. ప్రపంచములో మొట్టమొదటి సినిమా పాఠశాలగా దీనిని పేర్కొంటారు. తరువాతి కాలములో ఇది వి.జి.ఐ.కె. అనే పేరుతో ప్రసిద్ధమయింది. కులెషోవ్ ఇందులో అధ్యాపకుడై 1920లో తన కార్యశాలను నడపసాగాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. శిష్యుడు పుదోవ్కిన్ గురువు కంటే ఆరేళ్ళు పెద్దవాడు. బార్నెట్, లియొనీద్ ఒబోలెన్స్కీ, సెర్గేయ్ కొమరోవ్, వ్లదిమీర్ ఫోగెల్, అలెక్సాంద్రా ఖొఖ్లోవా ఈ బృందములోని వారు. ఐసెన్‌స్టీన్ కూడా కొన్ని నెలలు ఇక్కడ నేర్చుకున్నాడు. ఫిల్ము లేని లోటును ఈ బృందము ఫిల్ము లేని చిత్రాలతో తీర్చుకుంది. అనగా చిత్రానువాదము వ్రాసి, షాట్లుగా విభజించి, కెమెరా లేకుండానే వేదికపై త్వరత్వరగా మారే చిన్న చిన్న దృశ్యాలుగా ప్రదర్శించేవారు.

మొఝూఖిన్ ముఖ ప్రయోగము

ఈ ప్రయోగము 1918-1921 మధ్య జరిగినట్లు చెబుతారు. కులెషోవ్ ఒక పాత చిత్రము నుండి ఇవాన్ మొఝూఖిన్ ముఖము మాత్రమే కనిపించే క్లోజప్ షాటును తీసుకున్నాడు. మొఝూఖిన్ (1889-1939) విప్లవానికి ముందు రష్యాలో అందరికీ తెలిసిన నటుడు. 1920లో దేశము వదలి ఫ్రాన్సుకు వెళ్ళాడు. ఎన్నుకున్న షాటులో ముఖము ప్రశాంతముగా, ఏ భావమూ ప్రస్ఫుటము కాకుండా ఉంది. ఆ ఒక్క షాటునే మూడు చోట్ల వాడి, ఒకచోట పులుసు గిన్నెతోను, ఒకచోట శవపేటికలో ఉన్న స్త్రీతోను, ఒకచోట బొమ్మతో ఆడుకొనే చిన్నపిల్లతోను జత కలిపాడు. చూసినవారికి గిన్నె విషయములో నటుడు ఆలోచనలో మునిగినట్లు, శవపేటిక విషయములో గాఢమైన దుఃఖములో ఉన్నట్లు, పాపను చూసి చిరునవ్వు నవ్వినట్లు కనిపించిందట. నటుడు ఎంత గొప్పగా నటించాడో అని వారు మెచ్చుకున్నారని చెబుతారు. నటుడు చేసినదేమీ లేదు, ముఖము మూడుసార్లూ ఒక్కటే.

పైన చెప్పిన కథనము పుదోవ్కిన్ ద్వారా ప్రచారములోకి వచ్చినది. అతడు 1929లో లండనులో చేసిన ఉపన్యాసములో ఈ విషయాన్ని వివరించాడు. అతని రచనలు అనేక భాషలలోకి అనువాదము కావడము వలన పడమటి దేశాలలో చాలాకాలము ఇది పుదోవ్కిన్ ప్రయోగముగానే చెలామణి అయింది. కులెషోవ్ స్వయముగా వ్రాసిన, చెప్పిన వివరాలు దీనితో పూర్తిగా సరిపోలవు. 1929లో ప్రచురించిన తన గ్రంథములో ఆకలిగొన్నవాని ముందు ఉంచిన గిన్నెను, చెరసాలనుండి స్వేచ్ఛను కోరుకొనే ఖైదీని ఉదాహరణలుగా తీసుకున్నాడు. మరికొన్ని కథనాలలో పాపకు బదులు పడకపై ఉన్న యువతి ఉంటుంది. ఎవరెవరికి చూపించారు, ఎంతమందికి చూపించారు, వారి జవాబులను ఎలా సేకరించారు అన్న లెక్కలు వేటిలోనూ లేవు. కనుక శాస్త్రీయ పరిభాషలో దీనిని ప్రయోగము అనడము కంటే కార్యశాలలో చేసి చూపిన పాఠము అనడము సమంజసము. అసలు ఫిల్ము నష్టమయింది. మొఝూఖిన్ ముఖముతో నేడు విరివిగా కనిపించే కూర్పులలో అసలు ప్రతిగా నిర్ధారణ అయినది ఏదీ లేదు.

ఇతర ప్రయోగాలు

కృత్రిమ భూగోళము అని పేరుపడిన ప్రయోగములో ఖొఖ్లోవా మాస్కోలోని ఒక వీధిలో నడుస్తుంది. ఒబోలెన్స్కీ దానికి చాలా దూరముగా మాస్కో నది గట్టున నడుస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకొని మరొక చోట, గోగోల్ విగ్రహము వద్ద కలుసుకొని కరచాలనము చేస్తారు. ఏదో వైపు చూస్తారు. వెంటనే తెరపై వాషింగ్టన్‌లోని శ్వేతసౌధము కనిపిస్తుంది. ఇది ఒక అమెరికా చిత్రము నుండి కత్తిరించిన ముక్క. తరువాత ఇద్దరూ క్రీస్తు రక్షకుని ప్రధాన చర్చి మెట్లు ఎక్కుతారు. విడివిడి స్థలాలన్నీ తెరపై ఒకే ప్రదేశమయ్యాయి. మరొక ప్రయోగములో ఒక స్త్రీ పెదవులు, ఇంకొక స్త్రీ కాళ్ళు, వేరొకరి వీపు, కళ్ళు చిత్రీకరించి లోకములో లేని ఒక స్త్రీని తెరపై సృష్టించాడు. ఈ ప్రయోగాలలో కొంత భాగము 1990లలో రష్యాలోని ఫిల్ము అభిలేఖాగారములో పరిశోధకులకు దొరికింది. మొఝూఖిన్ ప్రయోగము మాత్రము వాటిలో లేదు.

నట శిక్షణ

ముఖ ప్రయోగాన్ని విన్నవారు కులెషోవ్‌కు నటులతో పనిలేదని తరచుగా అపోహ పడతారు. వాస్తవము దీనికి విరుద్ధము. ఇతని కార్యశాలలో నటశిక్షణ వ్యాయామశాలను తలపించేది. లోలోపల అనుభూతి చెంది నటించడము అనే రంగస్థల పద్ధతిని ఇతడు సినిమాకు పనికిరానిదిగా తోసిపుచ్చాడు. దానికి బదులు శరీరములోని ప్రతి కీలు, కనుబొమ్మ, పెదవి, చూపు కదిలే దిశలను విడదీసి, కొలత ప్రకారము కదిలించడము నేర్పాడు. ఇందుకు ఫ్రెంచి దేశస్థుడు ఫ్రాన్సువా దెల్సార్త్ ప్రతిపాదించిన హావభావ పద్ధతి కొంత ఆధారము. ఇలా శిక్షణ పొందినవారిని నటులు అనక చిత్రకారుని ముందు కూర్చునే నమూనా వ్యక్తులతో పోల్చి నతూర్షిక్ అనే రష్యన్ పదముతో పిలిచాడు. తెరపై ముఖము కనిపించేది కొద్ది క్షణాలు. ఆ కొద్ది వ్యవధిలో అది తికమక లేకుండా చదవడానికి వీలుగా ఉండాలన్నది ఇతని వాదము. అక్షరము స్పష్టముగా ఉంటేనే పదము ఏర్పడుతుంది కదా.

చలనచిత్రాలు

1924లో వచ్చిన మిస్టర్ వెస్ట్ ఇన్ ద లాండ్ ఆఫ్ ద బోల్షెవిక్స్ కార్యశాల సభ్యులంతా కలిసి చేసిన హాస్య చిత్రము. జాన్ వెస్ట్ అనే అమెరికన్ మాస్కోకు వస్తాడు. బోల్షెవిక్కులంటే క్రూరమైన ముఖాలతో, గొర్రెతోలు దుస్తులతో ఉంటారని అతడు పత్రికలలోని బొమ్మలు చూసి నమ్మాడు. మాస్కోలోని మోసగాళ్ళు సరిగ్గా ఆ బొమ్మల లాగానే వేషాలు వేసుకొని అతనిని భయపెట్టి డబ్బు గుంజుతారు. ముందుగా చూసిన ముఖము తరువాత చూసేదానిని శాసిస్తుందన్న తన సిద్ధాంతాన్ని దర్శకుడు ఇక్కడ కథగానే మలచినట్లు కనిపిస్తుంది. పొర్ఫీరీ పొదోబెద్ వెస్ట్‌గా, బార్నెట్ అతని అంగరక్షకుడైన కౌబాయ్‌గా, పుదోవ్కిన్ మోసగాళ్ళ నాయకునిగా నటించారు.

1925లో డెత్ రే వచ్చింది. 1926లో తీసిన బై ద లా ఇతని చిత్రాలలో ఉత్తమమైనదిగా పేరు పొందింది. జాక్ లండన్ కథకు విక్టర్ ష్క్లోవ్‌స్కీ చిత్రానువాదము వ్రాశాడు. బంగారము వెదికే బృందములో ఒకడు ఇద్దరిని కాల్చి చంపుతాడు. మిగిలిన దంపతులు అతనిని బంధించి, వరదలో చిక్కిన గుడిసెలో వారాల తరబడి కాపలా కాస్తారు. చివరకు తామే న్యాయమూర్తులై విచారణ జరిపి ఉరి తీస్తారు. చిత్రములో ఎక్కువ భాగము ఒకే గుడిసె, మూడు ముఖాలు. చాలా తక్కువ ఖర్చుతో తయారయింది. ముఖముతో పనిలేదని నిరూపించాడని పేరుపడిన దర్శకుడు మూడు ముఖాల ఆధారముతో ఒక చిత్రాన్ని నిలబెట్టడము గమనింపదగినది.

టాకీలు వచ్చిన తరువాత 1933లో తీసిన గ్రేట్ కన్సోలర్ అమెరికన్ కథకుడు ఓ. హెన్రీ చెరసాల జీవితము ఆధారముగా అల్లినది. చుట్టూ ఉన్న కష్టాన్ని చూస్తూ, తీయని ముగింపులు గల కథలు వ్రాసే రచయిత బాధ్యత ఏమిటన్నది ఇందులోని ప్రశ్న.

ఖొఖ్లోవా

అలెక్సాంద్రా ఖొఖ్లోవా (1897-1985) కులెషోవ్ శిష్యురాలు, చిత్రాలలో ప్రధాన నటి, జీవిత సహచరి. ఆమె తల్లి వైపు తాత మాస్కో చిత్రశాల స్థాపకుడు పావెల్ త్రెత్యకోవ్, తండ్రి వైపు తాత ప్రఖ్యాత వైద్యుడు సెర్గేయ్ బోత్కిన్. సన్నగా, పొడవుగా, పెద్ద కళ్ళు, వెడల్పైన నోటితో ఉండే ఆమె రూపము ఆనాటి కథానాయికల మూసలో ఇమడలేదు. 1920ల చివరలో సినిమా అధికారులు ఆమెను ప్రధాన పాత్రలకు తీసుకోవడానికి అభ్యంతరాలు చెప్పారు. కులెషోవ్ ఆమెను విడిచి వేరొక నటితో పనిచేయడానికి ఇష్టపడలేదు. ఇందువలన అతనికి అవకాశాలు తగ్గాయి. కూర్పు చేత ఏ ముఖానికైనా ఏ భావమైనా కలిగించవచ్చునని చెప్పినవాడు ఒక్క ముఖము కోసము తన వృత్తినే పణముగా పెట్టాడని చెప్పవచ్చును. గ్రేట్ కన్సోలర్ చిత్రములో ఆమె ఒక దుకాణములో పనిచేసే పేద యువతి పాత్ర ధరించింది. ఓ. హెన్రీ పాత్రను ఆమె మొదటి భర్త కొన్‌స్తాంతీన్ ఖొఖ్లోవ్ పోషించాడు.

విమర్శలు

1930లలో సోవియట్ కళారంగములో రూపవాదము పెద్ద నేరారోపణగా మారింది. విషయము కంటే రూపానికి ప్రాధాన్యము ఇచ్చేవారిని ఈ పేరుతో నిందించేవారు. కులెషోవ్ సిద్ధాంతమంతా అమరికను గురించినదే కనుక ఈ నింద అతనిపై తేలికగా పడింది. తజికిస్తాన్ రచయిత సద్రిద్దీన్ ఐనీ నవల ఆధారముగా మొదలుపెట్టిన దొఖుందా చిత్రము మధ్యలోనే నిలిచిపోయింది. తరువాత కులెషోవ్ కొద్ది చిత్రాలు మాత్రమే తీశాడు. వీటిలో పిల్లల చిత్రము తిమూర్స్ ఓత్ (1942) ఒకటి. యుద్ధకాలములో తీసిన వి ఫ్రమ్ ద యూరల్స్ ఇతని చివరి చిత్రము. అప్పటికి వయసు నలభై అయిదు ఏళ్ళు. ఆ తరువాత ఇరవై ఆరు ఏళ్ళు జీవించినా మరొక చిత్రము తీయలేదు.

బోధన, చివరి దశ

దర్శకత్వము తగ్గినా బోధన ఆగలేదు. 1929లో ఆర్ట్ ఆఫ్ ద సినిమా, 1941లో ఫండమెంటల్స్ ఆఫ్ ఫిల్మ్ డైరెక్షన్ గ్రంథాలు ప్రచురించాడు. మొదటి గ్రంథానికి పుదోవ్కిన్, ఒబోలెన్స్కీ, కొమరోవ్, ఫోగెల్ ముందుమాట వ్రాసి, సోవియట్ సినిమా కళకు పునాది తమ గురువే వేశాడని ప్రకటించారు. 1940లలో ఇతడు వి.జి.ఐ.కె. అధిపతిగా పనిచేశాడు. 1966లో వెనిస్ చలనచిత్రోత్సవ న్యాయనిర్ణేతలలో ఒకడుగా వెళ్ళాడు. 1967లో ఆర్డర్ ఆఫ్ లెనిన్, 1969లో రష్యా ప్రజా కళాకారుడు బిరుదు లభించాయి. 1970 మార్చి 29న మాస్కోలో మరణించాడు. నొవొదెవిచీ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఇతని వ్యాసాల ఆంగ్లానువాదము రొనాల్డ్ లెవాకో సంపాదకత్వములో 1974లో వెలువడింది.

ప్రయోగముపై తరువాతి పరిశీలనలు

దర్శకులు ఈ సూత్రాన్ని పరీక్షించనవసరము లేకుండానే స్వీకరించారు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనిని తన పద్ధతికి మూలముగా పలుమార్లు వివరించాడు. రియర్ విండో (1954) చిత్రములో కిటికీ వద్ద కూర్చున్న కథానాయకుడు చూడడము, అతడు చూసిన దృశ్యము, తిరిగి అతని ముఖము అనే మూడు ముక్కల వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు మాత్రము సందేహించారు. 1992లో అమెరికాలో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్‌లీ ఈ ప్రయోగాన్ని పునర్నిర్మించి విద్యార్థులకు చూపగా పుదోవ్కిన్ చెప్పిన ఫలితము రాలేదు. 2006లో డీన్ మాబ్స్ బృందము మెదడు చిత్రణ యంత్రము సహాయముతో జరిపిన పరిశోధనలో, సంతోషకరమైన లేదా భయంకరమైన దృశ్యాలతో జతపరచినపుడు ఒకే ముఖాన్ని చూసేవారు వేరువేరుగా అంచనా వేసినట్లు తేలింది. భావోద్వేగాలతో సంబంధము గల అమిగ్డలా వంటి మెదడు భాగాల స్పందనలోను తేడా కనిపించింది. 2016లో డేనియల్ బారట్, సహచరులు దుఃఖము, ఆకలి, భయము, కోరిక, సంతోషము కలిగించే దృశ్యాలను భావరహితమైన ముఖాలతో కూర్చి చూపారు. ప్రేక్షకులు ఆయా దృశ్యానికి తగిన భావాన్నే ముఖములో ఎక్కువగా గుర్తించారు. ప్రభావము ఉన్నది కాని, 1929 కథనములో వర్ణించినంత బలముగా, అందరిలోనూ లేదని ఈ పరిశోధనల వలన అనుకోవచ్చును.

ముఖము ప్రక్కన వస్తువుకు బదులు మరొక ముఖాన్ని ఉంచితే ఫలితము తారుమారవుతుంది. 1987లో జేమ్స్ రస్సెల్, బెవర్లీ ఫెర్ ప్రచురించిన పరిశోధనలో, నవ్వుతున్న ముఖము తరువాత చూసిన భావరహితమైన ముఖము విచారముగాను, విచారముగా ఉన్న ముఖము తరువాత చూసినది సంతోషముగాను తోచింది. 2004లో మైకేల్ వెబ్‌స్టర్ బృందము నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసము దీనిని మరికొంత ముందుకు తీసుకొని వెళ్ళింది. ఒక భావము గల ముఖాన్ని కాసేపు చూసి కళ్ళు దానికి అలవాటు పడిన తరువాత, రెండు భావాల నడుమ సరిహద్దులో ఉన్న ముఖము రెండవ భావము వైపు మొగ్గినట్లు కనిపిస్తుంది. వెలుగునుండి గదిలోకి వచ్చినవానికి గది మామూలు కంటే చీకటిగా తోచినట్లే ఇదీ. కులెషోవ్ కూర్పులో శవపేటిక తన దుఃఖాన్ని ముఖానికి అంటిస్తుంది. ఈ ప్రయోగాలలో ముందు చూసిన ముఖము తన భావాన్ని తరువాతి ముఖము నుండి తీసివేస్తుంది. ఇద్దరు నటుల క్లోజప్ షాట్లను ఒకదాని వెంట ఒకటి కూర్చేటప్పుడు ఈ రెండు ప్రభావాలూ ఒకేసారి పనిచేసే అవకాశమున్నది.